ఇసుక తాగిన నీళ్ళు

పోయిన వారం తబూక్ దగ్గర ఒక మజ్రాలో, అంటే ఊరికి దూరంగా ఉన్న తోటలో, జేసీబీ పెట్టి పాత ట్రెంచి తవ్విస్తుంటే నేల లోపలి నుంచి లావాటి పీవీసీ గొట్టం ఒకటి మట్టి దులుపుకుంటూ పైకి లేచింది. దాన్ని చూడగానే గుర్తుపట్టాను, ఎందుకంటే అక్కడ దాన్ని పాతిపెట్టింది నేనే. పనివాళ్ళు రంపం పెట్టి కోస్తే లోపల పైపులకి చుట్టిన గ్లాస్ వూల్ దూది పసుపు పచ్చగా, నిన్న చుట్టినట్టుగా ఉంది. నేను వంగి గుప్పెడు దూది లాగి, పిడికిట్లో పెట్టుకుని బలమంతా పెట్టి పిండాను. ఒక్క చుక్క రాలేదు. గ్లాస్ వూల్ పట్టుకుంటే చెయ్యంతా దురద పెడుతుందని తెలిసి కూడా ఈ ముసలాయన దాన్ని పిండుకుంటూ ఎందుకు నవ్వుతున్నాడో అక్కడున్నవాళ్ళకి అర్థం కాలేదు. వాళ్ళకి చెప్పినా అర్థం కాదు. మా తరంలో గల్ఫుకి వచ్చి, చుట్టాల కింద పనిచేసి, చుట్టరికానికి నోరు కట్టేసుకుని బతికినవాళ్ళకి మాత్రం అర్థమవుతుంది, అందుకే మీకు చెప్తున్నాను.

నన్ను సౌదీకి తెచ్చింది మా బావ, మా పెద్దక్క భర్త. గోదావరి అవతల మా ఊళ్ళో చేతిపంపులు బాగుచేసుకుంటూ తిరిగే నన్ను వీసా తెచ్చి విమానం ఎక్కించాడు, రియాద్‌లో సులై క్యాంపులో తన మంచం పక్కనే మంచం వేయించాడు, కంపెనీలో ప్లంబరుగా పెట్టించాడు. ఆ మేలు నేను కాదనను. కానీ ఆ మేలుని బావ రోజుకొకసారి నాకు గుర్తుచేసేవాడు, అన్నంలో ఉప్పు ఎక్కువైందంటే నేను తెచ్చినవాడివి కాదట్రా అనేవాడు, స్పానర్ ఆలస్యంగా అందిస్తే నేను తెచ్చినవాడివి కాదట్రా అనేవాడు. ఆయన ఫోర్మన్, నేను ఆయన కింద పనివాణ్ణి, పైగా బావమరిదిని. ఇంక నా నోరు ఎక్కడ లేస్తుంది?

సౌదీ అంటే ఎండ ఒక్కటే అనుకునేవాళ్ళు జనవరిలో తబూక్ వచ్చి చూడాలి. బయట వదిలేసిన బకెట్లో తెల్లారేసరికి పైన పలచగా మంచు పేరుకుంటుంది, పైపు పట్టుకుంటే చెయ్యి అంటుకుపోతుందేమో అనిపిస్తుంది. ఆ చలికాలం మమ్మల్ని అక్కడికి పంపించారు. మజ్రా ఆసామి వాళ్ళమ్మ పెద్దావిడ, అందరూ హజ్జా అని పిలిచేవాళ్ళు. ఆవిడకి మోకాళ్ళు బిగుసుకుపోయి చలికాలమంతా మంచం దిగలేకపోయేది, ఇంట్లో బొగ్గుల కుంపటి పెడదామంటే పొగ పడదు. అందుకని ఆసామి ఎక్కడినుంచో ఒక భట్టీ తెప్పించాడు. దాన్ని ఇంటికి దూరంగా, పెరటి చివర రేకుల షెడ్డులో పెట్టాలి, తోటలో కొట్టేసిన ఆలివ్ కొమ్మలు అందులో మండించాలి, దాని కడుపులో కాగిన నీళ్ళు నేలకింద పైపులో ఇంటికి వెళ్ళి, గోడలకి బిగించిన ఇనుప పలకల్లో తిరిగి, చల్లారి ఇంకో పైపులో వెనక్కి రావాలి. ఆ రెండు పైపులకీ దూది చుట్టి, పెద్ద గొట్టంలో దూర్చి, ట్రెంచిలో వేసి పూడ్చడమే మా పని.

ఇక్కడ కొంచెం పక్కదారి పడతాను, మన్నించండి. నీళ్ళని వేడిగా ఉంచడమనే పని మా వాళ్ళెవరికీ అలవాటు లేదు. ఎండాకాలం సులైలో మిద్దె మీద ట్యాంకు నీళ్ళు సలసల కాగేవి, మధ్యాహ్నం పూట చల్లనీళ్ళ కొళాయి తిప్పితే ఒళ్ళు బొబ్బలెక్కేది. అందుకని గీజరు ఆపేసి, గదిలో నీడన ఉన్న ఆ గీజరులో నీళ్ళు చల్లబడ్డాక, ఎర్రగుర్తు ఉన్న కొళాయి తిప్పుకుని స్నానం చేసేవాళ్ళం. ఇది చదువుతున్నవాళ్ళలో ఆ స్నానాలు చేసినవాళ్ళు ఎంతమంది ఉన్నారో, వాళ్ళకి ఆ సుఖం ఇప్పటికీ గుర్తుండే ఉంటుంది. మాకు తెలిసిన విద్యంతా నీళ్ళని చల్లగా దాచుకోవడమే. భట్టీ చూసి బావ కూడా మొదటిరోజు బిక్కమొహమే వేశాడు, కానీ ఫోర్మన్ కదా, రెండో రోజుకల్లా తనకి చిన్నప్పటినుంచీ తెలిసిన పనిలా మాట్లాడాడు.

పెద్ద గొట్టం రెండు చివర్లా బిగించాల్సిన రబ్బరు మూతలు దమ్మామ్ నుంచి రావాలి, అవి లారీలో ఎక్కడో ఆగిపోయాయి. అవి లేకపోతే గొట్టంలోకి తడి పోతుంది, దూది తడిస్తే ఇక అది ఉన్నా లేనట్టే. సామానుతో వచ్చిన బొమ్మల కాగితంలో కూడా నీటిబొట్టు వేసి దాని మీద అడ్డగీత కొట్టి ఉంది. నేను ఆగుదామన్నాను. హజ్జాని ఆసుపత్రి నుంచి ఆ వారమే ఇంటికి తెస్తారని బావకి తొందర. ట్రెంచి ఇసుకతో పూడ్చేయించాడు, అంతటితో ఊరుకున్నా బాగుండేది. కానీ మా గోదావరి వాళ్ళకి ఒక అలవాటు ఉంది, ఇల్లు కట్టేముందు పునాదుల్లో ఇసుక పోసి మెరక చేశామంటే దానికి నీళ్ళు పెట్టి తీరాలి, ఇసుక తాగినన్ని నీళ్ళు తాగి దిగాలి, లేకపోతే మా ప్రాణం ఒప్పుకోదు. తోటకి నీళ్ళు తెచ్చే లారీ, ఇక్కడివాళ్ళు వాయిత్ అంటారు, ఆ మధ్యాహ్నం వచ్చి నిలబడింది. బావ దాని గొట్టం లాగి ట్రెంచి మీద పెట్టాడు.

“బావా, మూతలు లేవు, లోపలికి పోతాయి” అన్నాను.

“ఇసక నీళ్ళు తాగితే గానీ కూకోదురా. మెరక చేసి నీళ్ళెట్టకుండా వదిలేసినోణ్ణి మన ఊళ్ళో ఎవణ్ణన్నా చూశావా? నేను తెచ్చినోడివి, నాకు చెప్తావేంట్రా” అన్నాడు.

వాయిత్ నీళ్ళన్నీ ట్రెంచి తాగేసింది. బావ పైన నడిచి, మడమతో తొక్కి చూసి, ఇప్పుడు రాయిలా ఉందని సంతోషపడ్డాడు.

భట్టీ వెలిగించిన రోజు అందరం పండగలా నిలబడి చూశాం. షెడ్డులో మంట గర్జిస్తోంది, బయల్దేరే దగ్గర పైపు ముట్టుకుంటే చెయ్యి కాలుతోంది, ఇంట్లోకి వచ్చేసరికి పసిపిల్లలకి పోసే నీళ్ళంత గోరువెచ్చగా కూడా లేదు. ఎన్ని కొమ్మలు వేసినా అంతే. వేడంతా ఎక్కడికి పోతోందో మర్నాడు పొద్దున తెలిసింది. మజ్రాలో పిల్లులన్నీ భట్టీ దగ్గర్నుంచి ఇంటిదాకా ట్రెంచి గీసినట్టు ఒకే వరసలో పడుకుని ఉన్నాయి, వాటి కింద ఇసుక నుంచి సన్నగా ఆవిరి లేస్తోంది. హజ్జా దుప్పట్లు కప్పుకుని కిటికీలోంచి చూసి, ఇంత ఖర్చూ పిల్లుల కోసమా అని కొడుకుని అడిగింది.

ఆసామి మా అందర్నీ వరసగా నిలబెట్టి ఇసుకలో నీళ్ళు పోసింది ఎవరని అడిగాడు. అప్పుడు మా బావ, నా అక్క మొగుడు, ఏమాత్రం తడుముకోకుండా తను కూరగాయలకి ఊళ్ళోకి వెళ్ళినప్పుడు ఈ బావమరిది తెలియక చేశాడని అరబ్బీలో చెప్పాడు. చెప్తూ నా భుజం మీద చెయ్యి కూడా వేశాడు, నన్ను కాపాడుతున్నట్టుగా. అప్పటికి నాకు వచ్చిన అరబ్బీ ఖలాస్ అంటే అయిపోయింది, తఆల్ అంటే రా, అలాంటి నాలుగు ముక్కలు, కానీ ఆయన ఏమన్నాడో అర్థమవడానికి అవి చాలు. వాయిత్ డ్రైవరు పాకిస్తానీ, వాడు ఎప్పుడో వెళ్ళిపోయాడు, మిగతావాళ్ళంతా బావ కింద బతికేవాళ్ళు. నేను నోరు తెరిచి అబద్ధమంటే అక్క కాపురం ఏమవుతుందోనని తల దించుకున్నాను. తల దించుకున్నవాడే తప్పు చేసినవాడని ఆసామి అనుకున్నాడు, ఎవరైనా అలాగే అనుకుంటారు.

నన్ను సులైకి తిప్పి పంపించేశారు. బావ నోటి మంచితనం ఆసామికి నచ్చి, కంపెనీతో మాట్లాడి ఆయన్ని మజ్రా చూసుకునే మనిషిగా తనే పెట్టుకున్నాడు. నాకంటే ముందే నా పేరు క్యాంపుకి చేరింది. సబ్బాక్ బారిద్ అన్నారు, చలి ప్లంబరు అని. మెస్సులో టీ చల్లారితే నా వైపు చూసి నవ్వేవాళ్ళు, నేను బిగించిన కొళాయి దగ్గరికి వచ్చి చెయ్యి పెట్టి వణికినట్టు నటించేవాళ్ళు. ఒకసారి పనిమీద జెద్దా వెళ్ళి షరఫియాలో మనవాళ్ళ హోటల్లో కూర్చుంటే, ముక్కూమొహం తెలియని మనిషి పక్క టేబులు నుంచి వంగి, పిల్లులకి భట్టీ పెట్టింది మీరేనా అండీ అని మర్యాదగా అడిగాడు. ఆ రోజు నా కంచంలో అన్నం అలాగే వదిలేసి లేచాను. పనివాడికి పేరు తప్ప ఏముంది చెప్పండి? ఆ పేరుని మా బావ తన తప్పుకి గుడ్డలా చుట్టి పారేశాడు. ఎప్పటికైనా అదే మజ్రాలో, అదే ఆసామి ముందు, ఆ నీళ్ళు పెట్టింది నేనేనని బావ నోటితోనే అనిపించాలని అప్పుడే అనుకున్నాను. అక్క ఉత్తరాల్లో బావని క్షమించమని రాసేది కాదు, నన్ను జాగ్రత్తగా పని నేర్చుకోమని రాసేది. అంటే ఆవిడ కూడా నమ్మేసిందన్నమాట.

నేర్చుకున్నాను. కంపెనీ మారి దమ్మామ్ చేరాను, అక్కడ ఒక కేరళ ఫోర్మన్ కింద వేడినీళ్ళ లైన్లు వేసే పనిలో పడ్డాను. ఆయన నిదానస్తుడు, లైను పూడ్చాక నేల మీద అరచెయ్యి ఆనించి కళ్ళు మూసుకునేవాడు, మట్టి చల్లగా ఉంటేనే మన పని బాగున్నట్టు అనేవాడు. నేను ప్రతి గొట్టానికీ మూత బిగిస్తూ బావ మొహం తలుచుకునేవాణ్ణి. నిజం చెప్తున్నాను, భక్తితో పని నేర్చుకున్నవాళ్ళు ఉంటారు, ఆకలితో నేర్చుకున్నవాళ్ళు ఉంటారు, నేను కసితో నేర్చుకున్నాను, అదేమీ తక్కువ రకం కాదు. కొన్నేళ్ళకి నాకే ఒక గ్యాంగు ఇచ్చారు. ఒక చలికాలం ముందు ఆఫీసులో తబూక్ దగ్గర మజ్రాలో పాత లైను తీసి కొత్తది వేయాలని మాట వినపడింది. ఎవరి మజ్రా అని అడిగి తెలుసుకున్నాక, ఆ పని నాకివ్వమని ఇంజనీరుని ఎలా బతిమాలానో నాకే తెలుసు.

బావ గేటు దగ్గరే ఎదురొచ్చాడు. ఒళ్ళు చేశాడు, నెత్తిన గుట్రా చుట్టుకుని సగం అరబ్బు అయిపోయాడు. బావమరిదీ అని కావలించుకున్నాడు, బిర్యానీ వండించాడు, వీడికి పని నేర్పింది నేనేనని ఆసామికి చెప్పాడు. ఆసామి నన్ను ఎగాదిగా చూసి గుర్తుపట్టి, సబ్బాక్ బారిద్ అని పకపకా నవ్వాడు, ఈసారి మీ బావ పక్కనే ఉండి చూసుకుంటాడులే అన్నాడు. నా ఒళ్ళు భగ్గున మండింది, అయినా నవ్వాను. పాత లైను ఎక్కడ ఎలా పోయిందో బావకే తెలుసు కాబట్టి తవ్వడం ఆయన చేతే జరగాలని మాత్రం ఆసామిని అడిగాను. యంత్రం పెడితే ఆలివ్ వేళ్ళు తెగిపోతాయని కూడా చెప్పాను, అది నిజమే.

బావ గునపం పట్టుకుని తవ్వుతుంటే నేను కుర్చీ వేయించుకుని సులేమానీ టీ తాగాను. నడుం పట్టేసిందిరా అంటే అవునా బావా అన్నాను. పాత గొట్టం పైకి వచ్చి, లోపలి దూది నానబెట్టిన అటుకుల్లా ముద్దముద్దలుగా జారిపడుతుంటే ఆయన అటు తిరిగి తవ్వాడు గానీ దానివైపు చూడలేదు. నేను చూశాను, తనివితీరా చూశాను.

కొత్త లైను వేశాం, మూతలు నా చేత్తో బిగించాను, నీళ్ళ ఒత్తిడి పెట్టి పరీక్షించాను. వాయిత్ నీళ్ళన్నీ కుమ్మరించినా లోపలికి చెమ్మ పోదని తేల్చుకున్నాకే నా అసలు పని మొదలుపెట్టాను. నా గ్యాంగుని షెడ్డు వైపు పంపేశాను. ఆలివ్ చెట్లకి నీళ్ళు పెట్టే రబ్బరు గొట్టం ట్రెంచికి దగ్గర్లో పారుతూ పడి ఉండేలా చూశాను. పూడ్చేయి బావా అని ఒక్క మాట చెప్పి, ఆసామి పిలిస్తే లోపలికెళ్ళి, కిటికీకి ఎదురుగా ఆయనకీ హజ్జాకీ మధ్యలో కూర్చుని గహ్వా, అదే అరబ్బుల కాఫీ, కప్పు అందుకున్నాను.

బావ ఇసుక లాగి పూడ్చాడు. పైన నడిచాడు. మడమతో తొక్కి చూశాడు. ఇన్నేళ్ళలో మనిషి మారి ఉంటే, పిల్లుల వరస గుర్తొచ్చి ఊరుకుంటే నా పని అంతే. ఆయన నడుం మీద చేతులు పెట్టుకుని ఇసుక వైపు అసంతృప్తిగా చూశాడు, అటూ ఇటూ చూశాడు, రబ్బరు గొట్టం కనపడింది. నెమ్మదిగా వెళ్ళి, దాన్ని లాక్కొచ్చి ట్రెంచి మీద పెట్టాడు.

ఆసామి దిగ్గున లేచి ఏం చేస్తున్నాడు అతను అన్నాడు. అప్పటికి నా అరబ్బీ బాగా నలిగింది. ఆ రోజు ఏం చేశాడో ఇప్పుడూ అదే చేస్తున్నాడు అన్నాను. ఇద్దరం బయటికి వచ్చాం. ఆసామి అరుపుకి నా గ్యాంగు కూడా వచ్చి నిలబడింది. బావ ఏమాత్రం బెదరకుండా, పెద్ద పనివాడు పిల్లలకి చెప్పినట్టు, ఇసుక నీళ్ళు తాగాలి సార్, మా పద్ధతి ఇదే, పోయినసారి కూడా నేను ఇలాగే నీళ్ళు పెట్టి... అని అక్కడ ఆగిపోయాడు.

గొట్టంలోంచి నీళ్ళు పడుతూనే ఉన్నాయి, ఎవరూ ఆపలేదు. ఆసామి ముందు ఆయన వైపు చూశాడు, తర్వాత నా వైపు చూశాడు. కిటికీలోంచి హజ్జా నవ్వు వినపడింది. మూతలు ఉన్నాయి, ఈసారి భయం లేదని నేను చెప్పాక ఆసామి నా దగ్గరికి వచ్చి, అందరి ముందూ నన్ను నా సొంత పేరుతో పిలిచాడు. సబ్బాక్ బారిద్ అన్న మాట ఆ మజ్రాలో మళ్ళీ వినపడలేదు. భట్టీ వెలిగించిన రోజున హజ్జా మేజోళ్ళు విప్పేసి గచ్చు మీద నడిచింది, పిల్లులు చల్లబడ్డ ట్రెంచిని వదిలేసి ఇంటి గుమ్మం ముందు చేరాయి. నేను కేరళ ఆయనలాగా నేల మీద అరచెయ్యి ఆనించి కళ్ళు మూసుకున్నాను.

బావని ఆసామి ఇంటి పని నుంచి తీసేసి గొర్రెల దొడ్డికి పంపాడు. ఆ నామర్దా పడలేక ఆ ఏడాదే ఖురూజ్ కొట్టించుకుని, అంటే మళ్ళీ రాకుండా శాశ్వతంగా, ఇంటికి వెళ్ళిపోయాడు. జాలి పడ్డావా అని అడుగుతారేమో, పడలేదు. నాకు కోపం వచ్చింది, ఎందుకంటే వెళ్ళేముందు ఆయన నాతో, పోయినసారి అంటే ఇక్కడ కాదురా, రియాద్‌లో ఇంకో పని గురించి అన్నాను, నువ్వే ఆసామికి తప్పుగా ఎక్కించావు అన్నాడు. అక్కకీ అదే చెప్పాడు. నేను సెలవకి వెళ్తే అక్క చేపల పులుసు వండి, బావకి నడిమి ముక్కలు వేసి, నాకు తోక వేసింది. అప్పటినుంచి ఇప్పటిదాకా ఆ ఇంట్లో నాకు తోకే.

మొన్న మా కంపెనీ చేత ఆ లైను ఎందుకు తీయించేశారంటే, ఇప్పుడు ఎవరూ భట్టీలు వెలిగించడం లేదు. ఆసామి పోయాడు, హజ్జా అంతకు ముందే పోయింది. కొడుకు గోడలకి తెల్లటి పెట్టెలు బిగించుకున్నాడు, ఎండాకాలం చల్లగాలీ చలికాలం వేడిగాలీ అవే ఊదుతాయి, బిగించినవాళ్ళు గోడకి చిల్లు పెట్టారు గానీ నేల మీద గునపం ఆనించలేదు. ఆ మజ్రాలో పిల్లులు కూడా ఇప్పుడు ఎక్కడ పడుకుంటాయో గమనించే మనిషి లేడు. పనివాళ్ళతో ఇక్కడ ఒకప్పుడు ఇలా జరిగిందని మొదలుపెడితే ఒకడు ఫోను చూసుకున్నాడు, ఇంకొకడు మర్యాదకి తలూపాడు.

అందుకే ఆ పొడి దూదిని పిండి చూపిస్తూ, మూతని తట్టి చూపిస్తూ ఫోనులో వీడియో తీసి బావకి పంపాను. కింద ఒక్క ముక్క రాయలేదు. సాయంత్రానికి గొంతు పంపించాడు, ముసలి గొంతు, మధ్యలో దగ్గు.

“చూశాన్రా. ఇసక ఎలా బిగిసిపోయిందో చూశావా? ఆ రోజు నేను రవ్వన్ని నీళ్ళెట్టబట్టే కదరా పైపు ఇన్నేళ్ళూ కదలకుండా ఉంది. నువ్వేమో ఆపించేశావ్.”

కోపంతో ఫోను మంచం మీదికి విసిరేశాను. మళ్ళీ తీసి ఇంకోసారి విన్నాను. ఆ ట్రెంచి ఎంత లోతో, ఇసుక ఏ రంగో, ఆ రోజు వాయిత్ ఎక్కడ నిలబడిందో తెలిసినవాళ్ళు ఈ భూమ్మీద ఇప్పుడు ఇద్దరమే మిగిలాం, అందులో ఒకడు అబద్ధాలకోరు. వాడు లేకపోతే నేను ఎవరితో పోట్లాడాలి? గొట్టం ముక్క ఒకటి మూతతో సహా కోయించి పెట్టెలో బట్టల మధ్య సర్దుకున్నాను, సెలవకి వెళ్ళగానే దాన్ని బావ ఒళ్ళో పెట్టి అప్పుడు మాట్లాడమంటాను. ఈలోగా ఆ దగ్గు సంగతి డాక్టరుకి చూపించమని, చలిలో బయట తిరగనివ్వద్దని, అక్కకి ఫోను చేసి మరీ గట్టిగా చెప్పాను.